ఫ్రేము లోపలి పేర్లు

డెల్లాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను వేసిన అతుకు ఎక్కడో ఒకచోట, ఏదో ఒక మలుపులో విడిపోతుంది. ఆ బండి మీదున్నవాళ్లు సాయంత్రానికి ఇల్లు చేరరు. చిన్న భయాలు వేరే ఉన్నాయి. తన పాప ఓపల్ ద్రాక్షపండు గొంతులో ఇరికించుకుంటుందని, హైస్కూలు మధ్యలో వదిలేసిన పిల్లకి ఈ పని ఎవరిచ్చారని ఎవరో ఒకరు అడిగేస్తారని. అవి వచ్చి పోయేవి. ఇది మాత్రం వెల్డింగు టార్చి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా వచ్చి భుజం వెనక నిలబడేది.

ఆ సోమవారం పొద్దున కూడా నిలబడింది. అయితే ఆ రోజు దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. కిల్‌డీర్ అని పేరు పెట్టిన కొత్త మోటారుసైకిలు ఫ్రేము మూసే రోజు అది.

వాళ్ల షాపు ఒకప్పుడు చీజ్ ఫ్యాక్టరీ. పాల పాత్రలు కడిగిన నీళ్లు పోవడానికి నేలంతా మధ్యలో ఉన్న కాలువ వైపు వాలుగా ఉంటుంది. బోల్టు కింద పడితే వంగి వెతికేవాళ్లు కాదు. నింపాదిగా కాలువ దగ్గరికి వెళ్లి తెచ్చుకునేవాళ్లు. ఆ వాలు నేల మీద, ఇనప బల్లకు బిగించిన ఫ్రేము రెండు చేతులు బారుగా చాచినట్టు ఉంది. లావుపాటి అల్యూమినియం దూలాలు రెండు. లోపల బోలు. ఆ బోలులోనే పెట్రోలు పోస్తారు. మామూలుగా ట్యాంకు ఉండే చోట ఇంజను గాలి పీల్చుకునే పెట్టె కూర్చుంటుంది. సైలెన్సరు ఇంజను కిందికి దూరింది. ముందు చక్రం బ్రేకు పళ్లెం ఇరుసు దగ్గర కాకుండా రిమ్ము అంచునే అంటుకుని ఉంటుంది. ఇవన్నీ ఎమెట్ స్ట్రాండ్ బుర్రలోంచి వచ్చినవే. కుర్రతనంలో రేసుల్లో తిరిగి, పళ్లు రెండు పోగొట్టుకుని, ఆ మీదట ఇంజనీరైన మనిషి. షాపు ఆయనదే.

మధ్యాహ్నం నెల్డా రస్క్ ఓపల్‌ను చంకనేసుకుని వచ్చింది. డెల్లా అద్దెకుండే ఇంట్లో కింది వాటా నెల్డాది. నలభై దాటిన మనిషి, నెరిసిన జడ, ఎండకి కమిలిన మెడ. పరీక్షకి బండి నడపాల్సిన రోజుల్లో బండి నడుపుతుంది, లేని రోజుల్లో డెల్లా పాపను చూస్తుంది.

"ఇదిగో మీ అమ్మ. ఆ ఇనప ముసుగు తియ్యవే పిల్లా, పాప దడుచుకుంటుంది."

"దడుచుకోదు. అది ఇదే అమ్మ మొహం అనుకుంటుంది," అంది డెల్లా ముసుగు పైకెత్తుతూ.

ఎమెట్ చటుక్కున వచ్చి ఓపల్‌ను అందుకున్నాడు. అది చూసి, ఇంజనుకి పెట్రోలు అందించే పంపు సంగతులు చూసే ఇంజనీరు కర్ట్ బేలింగ్ చేతిలో శాండ్‌విచ్ కింద పెట్టేశాడు. "అయిపోయింది. మళ్లీ మొదలెట్టాడు."

"పిల్ల ఎంత బరువు?" ఎమెట్ ఎవర్నీ ఉద్దేశించకుండా అడిగాడు. "ఇలా చంకలో ఉంటే రోజంతా మోస్తాను. డాన్సు చెయ్యమన్నా చేస్తాను." నిజంగానే రెండడుగులు వేశాడు. ఓపల్ కిలకిల నవ్వింది. "ఇప్పుడు చూడండి." పాపను రెండు చేతులతో ముందుకు చాచి పట్టుకున్నాడు. కాసేపటికే మోచేతులు వణకసాగాయి. "అదే పిల్ల. అదే బరువు. ఇప్పుడు నన్ను ఎడమకి తిరగమనండి, పడిపోతాను. బండి కూడా అంతే. బరువెంతన్నది కాదు, ఎక్కడన్నది..."

"బరువుని చంకనెత్తుకోవాలి!" అందరూ ఒక్కసారే అరిచారు. వెనక పెయింటు గదిలోంచి కూడా ఒక గొంతు కలిసింది.

"వెక్కిరించండి. బుధవారం నెల్డా దాన్ని తిప్పి చూపించాక అప్పుడు మాట్లాడండి," అని పాపను నెల్డాకి ఇచ్చేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆనందం వస్తే ఎమెట్‌కి ముందు చెవులకి తెలుస్తుంది.

తరవాత పెన్ను బయటికి తీశాడు. కొత్త మోడల్ మొదటి ఫ్రేము మూసేముందు, దాని మీద చెయ్యి వేసిన ప్రతివాళ్లూ దూలం లోపల పేరు రాయాలి. మూత అతికాక ఆ పేర్లు ఇంకెవరికీ కనబడవు. పెట్రోలులో మునిగి ఉంటాయి. పెట్రోలుకి చెక్కుచెదరని రంగు పెన్ను అది ఒక్కటే. అది తప్ప ఇంకేదీ వాడొద్దని ఎమెట్ ప్రతిసారీ చెప్తాడు, ఈసారీ చెప్పాడు. పెన్ను చేతులు మారింది. కర్ట్ తన పేరు కింద గీత కూడా గీశాడు. పెయింటు వాళ్లు పువ్వులు వేశారు. నెల్డా తలుపు దగ్గర నిలబడి, ఓపల్ చేతికి ఒక పెద్ద నట్టు ఇచ్చి ఆడిస్తోంది. పెన్ను అటు వెళ్లలేదు.

మూసేది డెల్లా గనక ఆఖరి వంతు ఆమెది. తన పేరు రాసింది. పక్కన ఓపల్ పేరు కూడా రాద్దామని పెన్ను ఆనిస్తే పొడిగా గీసుకుపోయింది. విదిలించింది. రంగు అయిపోయింది. అందరూ భోజనాల బల్ల వైపు వెళ్లిపోయారు. ఓపల్ అటునుంచి "అమ్మా" అని నట్టు చూపించింది. డెల్లా సంచిలో గోళ్ల రంగు సీసా ఉంది, ఎర్రది. ఈ పని చేసే చేతులకి గోళ్ల రంగు ఎందుకని అందరూ నవ్వే సీసా. చిన్న పేరే కదా, ఎంత రంగు కావాలి? మునివేళ్ల మీద నిలబడి, దూలం లోపలికి చెయ్యి దూర్చి, ఆ చిన్న కుంచెతోనే ఓపల్ పేరు రాసేసింది. అది ఆరేదాకా నోటితో ఊదింది.

తరవాత ముసుగు దించుకుని మూత అతికింది. కాలి కింద పెడలు మెల్లగా నొక్కుతూ, నీలం వెలుగు కింద లోహం అద్దంలా మెరిసి కరగ్గానే రాడ్డు చివర అందిస్తూ, చుక్క మీద చుక్క, నాణేలు వరసగా ఒరిగించినట్టు. చుట్టు పూర్తయ్యేదాకా ఊపిరి గట్టిగా తీసుకోలేదు. ముసుగు ఎత్తేసరికి ఎమెట్ పక్కనే ఉన్నాడు.

"బాగుంది," అన్నాడు. ఆయన నోట అదే పెద్ద మాట.

బుధవారం పొద్దున బండ్లు పరీక్షించే ట్రాకు మీద మంచు పొగ ఇంకా విడలేదు. చుట్టూ మొక్కజొన్న కోసేసిన పొలాలు, మొదళ్లు మాత్రమే మిగిలి ఉన్నాయి. లారీలోంచి కిల్‌డీర్‌ను దింపుతుంటే అందరి చేతులూ దాని మీదే. పొట్టిది, మెడ దించుకుని దూకడానికి సిద్ధంగా ఉన్న జంతువులా ఉంది. నారింజ రంగు ఇంకా సరిగా ఆరలేదు. ఎవరిదో బొటనవేలి ముద్ర అప్పుడే పడింది.

నెల్డా తోలు సూటు జిప్పు గడ్డం దాకా లాగింది. "దీనికి పిట్ట పేరు ఎందుకు పెట్టారో ఎవరన్నా చెప్పారా? కిల్‌డీరు గూటి దగ్గరికెళ్తే రెక్క విరిగినట్టు కుంటుతుంది. మనం దాని వెనకాల పడి పోతే, గుడ్లకి దూరంగా లాక్కుపోయి తుర్రుమంటుంది."

"ఇది కుంటదు," అన్నాడు కర్ట్.

"చూద్దాం."

మొదటి చుట్లు మెల్లగా తిరిగింది. తరవాత వేగం పెంచింది. డెల్లా సిమెంటు గోడ మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడింది. బండి కనపడనప్పుడు కూడా చెవులతో చూస్తోంది. దూరంగా గొంతు తగ్గింది, అంటే బ్రేకు; సన్నగా సాగింది, అంటే వాలింది; ఇప్పుడు యాక్సిలరేటరు విప్పుతుంది... విప్పింది! నారింజ చారలా వాళ్ల ముందునుంచి దూసుకుపోయింది. ఎమెట్ టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. "చూశావా ఎలా తిరిగిందో! కాలితో చెప్పు తిప్పినంత తేలిగ్గా తిప్పిందే!" కర్ట్ డెల్లా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. డెల్లాకి తన మొహం మీద నవ్వు ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆ ఎగిరిపోతున్నదాని ఎముకల్ని తనే అతికింది!

ఆ మరుసటి చుట్టులో, ఎడమ మలుపు దాటగానే, శబ్దం తెగింది. ఒక్క క్షణం. మళ్లీ అందుకుంది.

డెల్లా అరచేతులు గోడకి అతుక్కుపోయాయి.

నెల్డా లోపలికి తెచ్చి ఆపింది. "మలుపులోంచి లేపి గట్టిగా తిప్పగానే ఊపిరి ఆగినట్టవుతోంది. మళ్లీ తనే వస్తోంది. ఇంకొంచెం ముందు ఆగితే ఎగిరి గడ్డిలో పడేదాన్ని."

డెల్లా లైటు పట్టుకుని ఒక్కో అతుకూ చూసింది, వేళ్లతో తడిమింది. తడి లేదు, వెంట్రుకంత గీత కూడా లేదు. కర్ట్ పంపు చూశాడు, తీగలు చూశాడు. బండిలో పెట్టిన కొలతల పెట్టె ఇంజను వేగం పడిపోయిందని చెప్పింది. ఎందుకు పడిందో చెప్పలేదు. యాక్సిలరేటరు చేతిపిడి కదలికను నమోదు చేసే తీగ తొందరలో ఇంకా కలపలేదు. ఆఖరికి కర్ట్ తనే ఎక్కి తిరిగొచ్చాడు. ఎన్ని చుట్లు వేసినా ఎక్కడా తెగలేదు.

"నాకేం అవలేదు," అన్నాడు నెల్డా మొహం చూడకుండా.

"నువ్వు పెళ్లి ఊరేగింపులా తిప్పావు గనక," అంది నెల్డా.

ఎవరూ నవ్వలేదు. ఎమెట్ ఆమెను పక్కకి తీసుకెళ్లాడు, అయితే గోడ దగ్గరున్న డెల్లాకి వినపడేంత పక్కకే.

"నెల్డా, కిందటేడు పడ్డాక ఇది మామూలే. చెయ్యి తనంతట తనే వెనక్కి తీసేసుకుంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. నాకూ అయింది. అందుకే నేను దిగిపోయాను."

"నేను తియ్యలేదు, ఎమెట్."

"తీశావని నేనూ అనట్లేదు. తీసినా తెలియదంటున్నాను." ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. "వచ్చే వారం రాక్‌ఫర్డ్ నుంచి ఒక కుర్రాడొస్తాడు. ఒకసారి వాణ్ణి తిప్పి చూడనీ."

తిట్టి ఉంటే నెల్డా తిరిగి తిట్టేది. చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసి, హెల్మెట్టులో పడేసి, లారీ ఎక్కి కూర్చుంది.

తిరుగు దారిలో డెల్లా తన అతుకు కాదు, బతికించావు దేవుడా, అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. పక్కన నెల్డా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

షాపుకి చేరాక కర్ట్ డెల్లాకి ఒక పని చెప్పాడు. "ఫ్రేములో పెట్రోలు మొత్తం వంపెయ్యి. వంపేటప్పుడు కాఫీ వడపోసే కాగితం పెట్టు. నలకేదన్నా ఉంటే తెలుస్తుంది. నా పంపుకి జాలీ ఉంది, దాటి వెళ్లదు, అయినా చూడు." ఆ మాట చెప్పి ఫోను మోగుతుంటే లోపలికి వెళ్లాడు.

డెల్లా దూలం అడుగున మర విప్పింది. పెట్రోలు సన్నటి ధారగా తెల్ల కాగితంలోకి దిగింది. చివర్లో ధార చుక్కలయ్యాక, కాగితం మధ్యలో ఎర్రగా ఏదో ఆగింది. చేప పొలుసంత. దాని పక్కన ఇంకోటి.

ఆమెకి ఒంట్లో నెత్తురంతా ఆ వాలు నేల మీద కాలువలోకి పోయినట్టయింది.

తన గోళ్ల రంగే. అతికేటప్పుడు వేడికి పొంగి ఉంటుంది. పెట్రోలులో నాని, ఊడి, అడుగుకి దిగి ఉంటుంది. మెల్లగా పోతే ఓ మూల కదలకుండా పడుంటుంది. నెల్డాలా తిప్పితేనే పెట్రోలంతా వెనక్కి ఉరుకుతుంది, దాంతో పాటు ఈ పొలుసులు వెళ్లి పంపు నోటికి అడ్డం పడతాయి. వేగం తగ్గగానే జారిపోతాయి. బాగా నడిపేవాళ్లనే ఆపుతుంది. కర్ట్‌ని ఎందుకు ఆపుతుంది?

తలుపు చప్పుడైంది. కర్ట్ తల బయట పెట్టాడు. "ఏమన్నా కనపడిందా?"

ఆమె చెయ్యి అప్పటికే కాగితాన్ని మడిచేసింది. "ఏం లేదు," అని నోరు అనేసింది.

పాప పేరు. గోళ్ల రంగు. ఇది ఎవరికన్నా చెప్తే ఇంకోసారి టార్చి ముట్టుకోనిస్తారా? చదువుకోని పిల్లకి పనిస్తే ఇలాగే ఉంటుందని అనరూ? కాగితం ఏప్రన్ జేబులో పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా అది తొడ మీద తడిగా, చల్లగా తగులుతూనే ఉంది.

నెల్డా వంటగదిలో ఓపల్ చీజు మకరోనీ సగం తిని, సగం మొహానికి రాసుకుంది. నెల్డా బల్ల దగ్గర కూర్చుని, చీపురు కర్ర గోడకి ఆనించి, దాని చివర కుడి చేత్తో పట్టుకుని తిప్పుతోంది. తిప్పి, పట్టి ఉంచి, మణికట్టు వైపే చూస్తోంది.

"ఇలా రావే పిల్లా. ఇక్కడ చూడు. పాపతో మాట్లాడుతూ మధ్యలో ఇలా తిప్పి పట్టుకుంటాను. నువ్వు చూసి చెప్పు, వదులుతోందా?"

"నెల్డా..."

"లేదు, చూడు. నాకు తెలియకుండా వదుల్తోందేమో. నేనైతే పట్టుకున్నాననే అనుకున్నాను. అయితే ఎమెట్ అబద్ధం చెప్పే మనిషి కాదు కదా." చీపురు కర్రను మళ్లీ తిప్పింది. వేళ్లు తెల్లబడ్డాయి. "మన చెయ్యి మనదో కాదో కూడా ఇంకొకళ్లు చెప్పాల్సి వస్తే ఎట్లాగే?"

డెల్లా జేబులోంచి కాగితం తీసి, మకరోనీ గిన్నె పక్కన పెట్టి, విప్పింది. పెట్రోలు వాసన వంటగదంతా నిండింది. మధ్యలో రెండు ఎర్ర పొలుసులు.

"నీ చెయ్యి కాదు," అంది. "నా గోళ్లు."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయింది. పెన్ను ఆరిపోవడం, మునివేళ్ల మీద నిలబడటం, ఊదడం, కర్ట్‌తో ఏం లేదనడం అన్నీ చెప్పింది. నెల్డా కాగితం మీదకి వంగి చూసింది. డెల్లా పాపను దగ్గరికి లాక్కుంది.

నెల్డా భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది డెల్లా. కాదు. నవ్వుతోంది. నవ్వి నవ్వి, కుర్చీ వెనక్కి తోసి లేచి, చీపురు కర్రను రెండు చేతులా తల మీదికెత్తింది.

"వదల్లేదు! ఓపల్, విన్నావుటే? నేను వదల్లేదు! అర్థమైందా పిల్లా? అంత గట్టిగా తిప్పాను గనకే ఆగింది! ముసలి గాడిద, నాకే చెప్తాడా చెయ్యి సంగతి!" ఓపల్ కూడా చెంచా ఎత్తి అరిచింది. డెల్లాకి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"నా ఉద్యోగం పోతుంది, నెల్డా."

నెల్డా చీపురు దించింది. "పోవచ్చు," అంది నిజాయితీగా. "పొద్దున నేనూ వస్తాను. కాఫీ నేను పట్టుకొస్తాను, కాగితం నువ్వు పట్టుకురా."

పొద్దున డెల్లా వెళ్లి ఎమెట్ బల్ల మీద కాగితం విప్పినప్పుడు షాపులో డ్రిల్లులు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి. డెల్లా మొత్తం చెప్పింది. కర్ట్ వైపు తిరిగి, "నిన్న నీతో అబద్ధం చెప్పాను," అని కూడా అంది. ఎమెట్ పొలుసును గోరుతో ఎత్తి వెలుగుకి పట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి ఎందుకో ఎవరికీ తెలియలేదు.

"కొయ్యి," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు అతికింది నువ్వే కొయ్యి. లోపల ఇంకెంత ఉందో చూడాలి."

నీళ్లు పోసి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా కడిగారు. నిప్పురవ్వ పడకూడదని చేతి రంపమే ఇచ్చారు. తన అతుకు వారగా తనే రంపం పెట్టడం డెల్లాకి సొంత వేలు కోసుకున్నట్టే ఉంది. పళ్లు జారాయి. మళ్లీ పెట్టింది. చేతులు నొప్పెట్టేదాకా కోస్తే మూత టంగుమని రాలి, కాలువ వైపు దొర్లిపోయింది. కర్ట్ దాన్ని ఏరి, బల్ల అంచునున్న వైసులో బిగించి, సుత్తితో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూత అప్పడంలా మడత పడింది. అతుకు మాత్రం అలాగే ఉంది. కర్ట్ దాన్ని తీసి డెల్లా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. ఆమె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది.

ఎమెట్ లైటు పెట్టి లోపలికి చూస్తున్నాడు. ఒకరి తరవాత ఒకరు వంగారు. పేర్లన్నీ రాసినట్టే ఉన్నాయి, పువ్వులతో సహా. ఓపల్ పేరులో ముందరి గుండ్రటి అక్షరం ఒక్కటే మిగిలింది. మిగతావి ఎర్ర మచ్చలు.

"ఒక పేరు సగం పోయింది," అన్నాడు కర్ట్.

"ఒకటి అసలు లేనే లేదు," అంది డెల్లా.

తను అన్నానని ఆమెకి అన్నాకే తెలిసింది. ఎమెట్ లైటు పట్టుకుని మళ్లీ వంగాడు. ఒక్కో పేరూ చదువుతున్నట్టు పెదాలు కదిలాయి. మధ్యలో ఆగి, వంగే ఉండి, తలుపు దగ్గర కాఫీ కప్పులతో నిలబడ్డ నెల్డా వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఏ బండిలోనూ ఆమె పేరు లేదు. బండి చేసేవాళ్లే రాస్తారు, నడిపేవాళ్లు రాయరు. అలాగని ఎవరూ ఎప్పుడూ అనలేదు. పెన్ను అటు వెళ్లలేదు, అంతే.

ఎమెట్ నెమ్మదిగా నిటారుగా లేచాడు. క్షమించమని అనే మనిషి కాదు. సొరుగు లాగి, ఇంజన్ల మీద నంబర్లు కొట్టే ఉక్కు అచ్చులూ, చిన్న సుత్తీ తీసి, నెల్డా చేతిలో కప్పులు తను అందుకుని, అచ్చులు ఆమెకిచ్చాడు.

"రంగులు ఇంకొద్దు," అన్నాడు. "ఈసారి నుంచి కొట్టాల్సిందే. నువ్వు మొదలెట్టు. తరవాత పాపది డెల్లా కొడుతుంది."

"నా చెయ్యి వదిలేస్తుందేమో," అంది నెల్డా.

ఎమెట్ తల వంచుకున్నాడు. "వదలదు," అన్నాడు.

ఆమె దెబ్బలకి అల్యూమినియం దూలం గంటలా మోగింది. మధ్యాహ్నానికి డెల్లా కొత్త మూత పెట్టి మళ్లీ ముసుగు దించుకుంది. భయం వచ్చి భుజం వెనక నిలబడింది. జేబులో మడత పడిన మూత ఉంది. పెడలు నొక్కింది.

శనివారం ట్రాకు మీద ఎండ కాసింది. డెల్లా ఓపల్ చెవులకి చప్పుడు ఆపే పెద్ద తొడుగులు పెట్టి చంకనెత్తుకుని, అదే గోడ దగ్గర నిలబడింది. రాక్‌ఫర్డ్ కుర్రాణ్ణి ఎవరూ పిలవలేదు. నెల్డా ఈసారి వేడెక్కడానికి కూడా ఎక్కువ చుట్లు తీసుకోలేదు. ఎడమ మలుపు అవతల గొంతు తగ్గింది. సన్నగా సాగింది. ఎమెట్ టోపీ నోట్లో కరుచుకున్నాడు. ఇప్పుడు విప్పుతుంది, ఇప్పుడు...

విప్పింది. తెగలేదు. తెగలేదు! గొంతు పైపైకి, ఇంకా పైకి పోతూ, ముందు చక్రం నేల మీద నుంచి బెత్తెడు లేచి, కిల్‌డీర్ వాళ్ల ముందునుంచి ఎగిరిపోయింది. కుంటడం మానేసిన పిట్ట. కర్ట్ గోడెక్కి గెంతుతున్నాడు. డెల్లా చంకలో పాపతో తిరుగుతోంది, గుండ్రంగా, అరుస్తూ. ఎంత తిరిగినా తూలలేదు.

ఇప్పుడు రోడ్డు పరీక్ష నడుస్తోంది. నెల్డా ఆ బండి మీద ఒక్కతే పడమటికి, సౌత్ డకోటా దాటి మొంటానా కొండల వైపు పోయింది. ఫోను ఉంది గానీ, సంచి అడుగున పడేసి మర్చిపోయే రకం. తిండి సంగతీ అంతే. మీలో ఎవరైనా అటు పోతూ, ఏ బంకులోనైనా నెరిసిన జడ ఉన్న ఒకావిడ నారింజ రంగు బండికి ట్యాంకులో కాకుండా ఫ్రేములోకే పెట్రోలు పోస్తూ కనిపిస్తే, ఒక్క నిమిషం ఆగండి. అతుకులు చూడక్కర్లేదు, అవి ఉంటాయి. మనిషిని చూడండి. ఏమన్నా తిన్నదా, చలికి పైన ఏమన్నా వేసుకుందా కనుక్కోండి. చూసి, బాగానే ఉందని డెల్లాకి ఒక్క మాట చెప్పండి.